క్యాన్సిల్ చేశారా, క్యాన్సిల్ అయిందా? ఇంగ్లీష్ వెర్బులతో మనకొచ్చే చిక్కులు

నౌన్, ప్రొనౌన్, వెర్బ్, యాడ్జెక్టివ్, యాడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. వర్డ్ క్లాసులు, అంటే పార్ట్స్ ఆఫ్ స్పీచ్, అనే ఈ ఎనిమిది పేర్లూ గడగడా అప్పజెప్పగలిగినవాళ్ళే ‘వి డిస్కస్‌డ్ అబౌట్ ది ఇష్యూ’ అని రాస్తారు, ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అంటారు, బ్యాంకు పరీక్షలో ఎర్రర్ స్పాటింగ్ దగ్గర పది నిమిషాలు కూర్చుండిపోతారు. పేర్లు తెలియక వచ్చే తప్పులు కావివి. ఆ పేర్లకు బళ్ళో చెప్పే నిర్వచనాలే మనల్ని దారి తప్పిస్తాయి.

‘పనిని తెలిపేది వెర్బ్’ అనే నిర్వచనాన్నే చూడండి. ‘అరైవల్’ అంటే రావడం. పనే, కానీ అది నౌన్. ‘బిలాంగ్’, ‘కాస్ట్’, ‘కన్‌టెయిన్’ అనే మాటల్లో ఎవరూ ఏ పనీ చేయరు, కానీ అవన్నీ వెర్బులు. అర్థాన్ని పట్టుకుని వర్డ్ క్లాస్ తేల్చబోతే ప్రతిసారీ ఇలాగే అవుతుంది. వాక్యంలో ఆ మాట ఎక్కడ కూర్చుంది, దాని పక్కన ఏవి రాగలవు, దాని చివర ఏవి చేరగలవు అన్నదే క్లాసును తేలుస్తుంది.

అసలు ఎనిమిది అనే అంకె కూడా ఇంగ్లీష్ సొంతం కాదు. గ్రీకు వ్యాకర్తలు తమ భాషకు ఎనిమిది భాగాలు లెక్కపెట్టారు, అందులో ఆర్టికల్ ఒకటి. లాటిన్‌లో ఆర్టికల్ లేదు కాబట్టి అక్కడివాళ్ళు దాన్ని తీసేసి ఇంటర్జెక్షన్‌ను చేర్చారు, అంకె మాత్రం కదల్లేదు. మన వైపు ప్రాచీన సంస్కృత పండితుడు యాస్కుడు నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతాలని నాలుగే చెప్పాడు. తెలుగు వాచకాల్లో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు. ఇప్పటి ఇంగ్లీష్ గ్రామర్లు ‘ది, మై, దిస్, సమ్, ఎవ్రీ’ లాంటివాటిని యాడ్జెక్టివ్‌ల నుంచి విడదీసి డిటర్మినర్లు అంటున్నాయి. దానివల్ల మనకో లాభం ఉంది. ఈ రకం డిటర్మినర్లలో ఒక నౌన్ ముందు మామూలుగా ఒక్కటే వస్తుంది. తెలుగులో ‘నా ఆ పుస్తకం’ అనొచ్చు. ఇంగ్లీష్‌లో ‘మై దట్ బుక్’ కుదరదు, ‘దట్ బుక్ ఆఫ్ మైన్’ అనాలి. యాడ్జెక్టివ్‌లు ఎన్నైనా వరస కడతాయి, ఇవి కట్టవు.

స్థానం మహిమ చూడాలంటే ‘రౌండ్’ చాలు. ‘ఎ రౌండ్ టేబుల్’లో యాడ్జెక్టివ్. ‘ది ఫైనల్ రౌండ్’లో నౌన్. ‘ది బస్ రౌండెడ్ ది కార్నర్’లో వెర్బ్. ‘ది షాప్ ఈజ్ రౌండ్ ది కార్నర్’లో ప్రిపొజిషన్. ‘షీ టర్న్‌డ్ రౌండ్’లో యాడ్వెర్బ్. ఒకే మాట, ఐదు క్లాసులు. డిక్షనరీలో ‘రౌండ్ అంటే గుండ్రం’ అని రాసుకున్నవాళ్ళకు ఇందులో ఒక్కటే దక్కుతుంది.

కాబట్టి పరీక్షలు పెట్టి తేల్చుకోవాలి. ముందు ‘ది’ చేర్చి, చివర బహువచనం ఎస్ తగిలిస్తే నిలబడిందా, నౌన్. ఒకటి జాగ్రత్త, ‘అడ్వైస్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్’ నౌన్లే అయినా ఎస్ తీసుకోవు. ముందు ‘వెరీ’ పట్టిందా, ‘సీమ్స్’ తరువాత నిలబడిందా, యాడ్జెక్టివ్. ‘మెయిన్, డైలీ’ లాంటివి ‘వెరీ’ని ఒప్పుకోవు, వాటికి నౌన్ ముందు పెట్టి చూడటమే దారి. ‘విల్’ తరువాత నేరుగా కూర్చుందా, వెర్బ్. తరువాత ‘హిమ్, దెమ్’ అనే రూపాలు కోరుతూ తాను మాత్రం టెన్స్ మారకుండా ఉందా, ప్రిపొజిషన్. యాడ్వెర్బ్‌కి మాత్రం మంచి పరీక్ష లేదు. ఎందులోనూ ఇమడనివన్నీ వేసే గంప అది. చివర ‘లీ’ ఉంటే యాడ్వెర్బ్ అనే సూత్రాన్ని నమ్ముకోకండి. ‘ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, ఎల్డర్లీ, కాస్ట్లీ’ అన్నీ యాడ్జెక్టివ్‌లు. ‘హార్డ్’ యాడ్జెక్టివ్ కూడా, యాడ్వెర్బ్ కూడా. ‘హి వర్క్స్ హార్డ్‌లీ’ అంటే కష్టపడతాడని కాదు, అసలా వాక్యమే నిలబడదు. ‘హి హార్డ్‌లీ వర్క్స్’ అంటే దాదాపు పనే చేయడని.

ఇక అసలు చిక్కు. తెలుగు చాలా సంగతులు ప్రత్యయంలో బయటపెట్టేస్తుంది. అందం, అందమైన, అందంగా అంటే ‘బ్యూటీ, బ్యూటిఫుల్, బ్యూటిఫుల్లీ’ అని మూడుకు మూడు సరిపోయినట్టే ఉంటాయి. ఆ ‘గా’ దగ్గర మాత్రం దెబ్బతింటాం. ‘అందంగా పాడింది’, ‘అందంగా ఉంది’ రెండింటికీ మనం ‘గా’యే వాడతాం. ఇంగ్లీష్‌లో మొదటిది యాడ్వెర్బ్, రెండోది యాడ్జెక్టివ్. ‘షీ సాంగ్ బ్యూటిఫుల్లీ’, ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’.

‘ఈజ్’తో ఎవరూ తప్పు చేయరు. ‘లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్, సీమ్, బికమ్, రిమెయిన్, టర్న్, గెట్’ల దగ్గర చేస్తారు. వీటిని లింకింగ్ వెర్బులంటారు. ఇవి సబ్జెక్టు ఏం చేసిందో చెప్పవు, ఎలా ఉందో చెబుతాయి. అందుకే వీటి తరువాత యాడ్జెక్టివ్. ‘ది సూప్ టేస్ట్స్ గుడ్’, ‘యువర్ ఐడియా సౌండ్స్ ఇంట్రెస్టింగ్’, ‘ఐ ఫీల్ బ్యాడ్’. పరీక్ష సులభం. ఆ వెర్బ్ తీసేసి ‘ఈజ్’ పెట్టండి. వాక్యం బతికితే లింకింగ్. ‘హి లుక్‌డ్ యాంగ్రీ’ని ‘హి వాజ్ యాంగ్రీ’ చేయొచ్చు. ‘హి లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ మి’ని చేయలేం. ఇక్కడ ‘లుక్’ అంటే చూడటమనే పని, కాబట్టి యాడ్వెర్బ్.

తెలుగు వైపు నుంచి కూడా ఇదే తేల్చుకోవచ్చు. ‘గా’ తరువాత ఉండు, అనిపించు, అవు, మారు వస్తే ఇంగ్లీష్‌లో యాడ్జెక్టివ్, మరో క్రియ వస్తే యాడ్వెర్బ్. ‘కోపంగా ఉన్నాడు’, ‘కోపంగా చూశాడు’ అన్న తేడా. ‘కనిపించు’ ఒక్కటీ రెండు వైపులా పోతుంది. ‘అలసటగా కనిపిస్తున్నాడు’ అంటే ‘హి లుక్స్ టయర్డ్’. ‘కొండ స్పష్టంగా కనిపిస్తోంది’ అంటే ‘ఐ కెన్ సీ ది హిల్ క్లియర్లీ’. మొదటిదాంట్లో మనిషి ఎలా ఉన్నాడో చెబుతున్నాం, రెండోదాంట్లో కంటికి ఎలా ఆనుతోందో చెబుతున్నాం.

యాడ్జెక్టివ్‌ల గురించి ఇంకొక్కటి. తెలుగులో ‘ఆయన తెలివైన’ అని వాక్యం ముగించలేం, ‘తెలివైనవాడు’ అనాలి. అంటే విశేషణం చివర నిలబడాలంటే నామవాచకం వేషం కట్టాల్సిందే. ‘హి ఈజ్ ఎ వెరీ ఇంటెలిజెంట్’ అనే తప్పు పుట్టేది ఇక్కడే. ఆ ‘ఎ’ మన ‘వాడు’కు బదులుగా వచ్చి కూర్చుంటుంది. నౌన్ ఉంటేనే ‘ఎ’. ‘ఎ వెరీ ఇంటెలిజెంట్ మ్యాన్’ అనండి, లేదా ‘ఎ’ తీసేయండి.

ఇప్పుడు సకర్మక, అకర్మక క్రియలు. ఇంగ్లీష్‌లో ఆబ్జెక్ట్ తీసుకునేది ట్రాన్సిటివ్, తీసుకోనిది ఇన్‌ట్రాన్సిటివ్. మిగతావాటి కంటే దీని మీదే ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మన మాటల్లోని తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడిదే.

తెలుగు ఈ తేడాను క్రియ మీదే రాసి పెడుతుంది. తెరిచాడు, తెరుచుకుంది. విరిచాడు, విరిగింది. ఉడికించింది, ఉడికింది. ఆపాడు, ఆగింది. ఇంగ్లీష్ చాలాచోట్ల ఒకే మాటతో రెండు పనులూ చేయించుకుంటుంది. ‘హి ఓపెన్‌డ్ ది డోర్’, ‘ది డోర్ ఓపెన్‌డ్’. ‘బ్రేక్, బాయిల్, స్టాప్, చేంజ్, మెల్ట్’ అన్నీ అంతే. మన పద్ధతిలో రెండు వేరువేరు మాటలుండే జంటలు ఇంగ్లీష్‌లో బాగా తక్కువ. ‘రైజ్’, ‘రెయిజ్’ ఒకటి. ధరలు ‘రైజ్’ అవుతాయి, కంపెనీ వాటిని ‘రెయిజ్’ చేస్తుంది. ‘లై’, ‘లే’ ఇంకొకటి. పడుకునేదానికి లై, లే, లెయిన్. పెట్టేదానికి లే, లెయిడ్, లెయిడ్. అబద్ధమాడే ‘లై’ మళ్ళీ వేరు, దానికి లైడ్, లైడ్. మొదటిదాని వి2 (భూతకాల రూపం), రెండోదాని వి1 (మూల రూపం) ఒకేలా ఉండటంతో ఇంగ్లీష్ సొంత భాషగా ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు.

మనకు మాత్రం ఇంట్లోనే ఒక కొలబద్ద ఉంది. ఇంగ్లీష్ వెర్బును తెలుగులో వాడేటప్పుడు మనం ఆలోచించకుండానే దాని వెనక ‘చేయి’ గానీ ‘అవు’ గానీ తగిలిస్తాం. మీటింగ్ క్యాన్సిల్ చేశారు, మీటింగ్ క్యాన్సిల్ అయింది. ఆ తోక తెలుగు వ్యాకరణాన్ని చెబుతుంది, ఇంగ్లీష్‌ది కాదు. తోకను తీసేసి ఇంగ్లీష్‌లోకి వెళ్ళేటప్పుడు దారి నాలుగుగా చీలుతుంది.

‘స్టార్ట్, షిఫ్ట్, క్లోజ్, చేంజ్, ఇంప్రూవ్’ లాంటివి రెండు తోకలనూ ఒకే రూపంతో భరిస్తాయి. ‘క్లాస్ స్టార్ట్ అయింది’ అంటే ‘ది క్లాస్ స్టార్టెడ్’. పేచీ లేదు.

‘క్యాన్సిల్, సెలెక్ట్, అప్రూవ్, అరెస్ట్, పబ్లిష్, పోస్ట్‌పోన్, ఇంప్రెస్’ మనం వాడే అర్థంలో ట్రాన్సిటివ్‌లు. వీటి వెనక మనం ‘అయింది’ అన్నామంటే ఇంగ్లీష్‌లో ‘ఈజ్, వాజ్’ లాంటి బి వెర్బ్, దాని తరువాత వి3 (పాస్ట్ పార్టిసిపుల్ రూపం) పెట్టి పాసివ్ చేయాల్సిందే. ‘ది మీటింగ్ క్యాన్సిల్‌డ్’ తప్పు, ‘ది మీటింగ్ వాజ్ క్యాన్సిల్‌డ్’. ‘మై లోన్ అప్రూవ్‌డ్’ తప్పు, ‘మై లోన్ వాజ్ అప్రూవ్‌డ్’. ‘ఐ ఇంప్రెస్‌డ్’ అంటే ఎవరినో మీరు మెప్పించారని అర్థం వస్తుంది, పైగా ఎవరినో చెప్పకుండా వదిలేసినట్టు ఉంటుంది.

మూడో దారి దీనికి తలకిందులు. డిసైడ్ అయ్యాను, జాయిన్ అయ్యాను, పాస్ అయ్యాను, రిటైర్ అయ్యారు, రియలైజ్ అయ్యాను, ప్రిపేర్ అవుతున్నాను. ‘అవు’ ఉంది కదా అని ఇక్కడ ‘ఐ యామ్ డిసైడెడ్’, ‘ఐ వాజ్ పాస్‌డ్’ అనకూడదు. మామూలు యాక్టివే. ‘ఐ డిసైడెడ్’, ‘ఐ పాస్‌డ్’. ‘అటెండ్’ మరీ తమాషాగా ఉంటుంది. మనం ‘మీటింగ్‌కి అటెండ్ అయ్యాను’ అంటాం. ‘కి’ ఉంది, ‘అవు’ ఉంది, రెండూ తప్పుదోవే. ఇంగ్లీష్‌లో అది ట్రాన్సిటివ్, ‘ఐ అటెండెడ్ ది మీటింగ్’. ‘అటెండ్ టు’ అంటే ఒక పని చూసుకోవడం, లేదా ఒకరి అవసరాలు కనిపెట్టుకోవడం. ‘జాయిన్’ కూడా అంతే, ‘జాయిన్‌డ్ ది కంపెనీ’. మధ్యలో ‘ఇన్’ అక్కర్లేదు.

నాలుగోది, ‘చేయి’ తగిలించినా ఇన్‌ట్రాన్సిటివ్‌గానే ఉండేవి. వెయిట్ చేశాను, రిప్లై చేశాను, అప్లై చేశాను. వీటికి ఆబ్జెక్ట్ కావాలంటే ప్రిపొజిషన్ చెయ్యి పట్టుకునే రావాలి. ‘వెయిటెడ్ ఫర్ యు’, ‘రిప్లైడ్ టు ది మెయిల్’, ‘అప్లైడ్ ఫర్ ది జాబ్’. ఇక్కడ మన ‘కోసం’, ‘కి’ చక్కగా సాయం చేస్తాయి.

వీటికి పక్కన, పాసివ్ చేయడానికే వీల్లేని ఇన్‌ట్రాన్సిటివ్‌లు ఉన్నాయి. ‘హ్యాపెన్, ఆకర్, అరైవ్, డిసప్పియర్, ఎగ్జిస్ట్’. ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్‌డ్’ అని పేపర్ కటింగుల్లో కూడా కనిపిస్తుంది. యాక్సిడెంట్‌ను ఎవరూ ‘హ్యాపెన్’ చేయలేరు కాబట్టి అందులో పాసివ్ పుట్టదు. ‘యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్‌డ్’.

ఇక ‘డిస్కస్ అబౌట్’ సంగతి. తెలుగులో దాదాపు ప్రతి నామవాచకానికీ వెనక ఒక విభక్తి ఉంటుంది. విషయం గురించి చర్చించాం, గదిలోకి ప్రవేశించాడు, ఫలానా అతనితో పెళ్ళయింది, ఊరికి చేరాం, ప్రశ్నకు జవాబిచ్చాను. అలవాటు కొద్దీ ఆ విభక్తిని ఇంగ్లీష్‌లోకి మోసుకుపోతాం. ‘డిస్కస్‌డ్ అబౌట్, ఎంటర్డ్ ఇంటు ది రూమ్, మ్యారీడ్ విత్ హిమ్, రీచ్‌డ్ టు గుంటూరు, ఆన్సర్డ్ టు ది క్వశ్చన్’. అన్నీ ట్రాన్సిటివ్‌లే, మధ్యలో ఏదీ పెట్టకూడదు. వర్డ్ క్లాస్ తెలిస్తే ఈ గొడవలో చాలాభాగం తీరిపోతుంది. ఈ మాటల్లో వెర్బ్ ప్రిపొజిషన్‌ను ఒప్పుకోదు, అదే మాట నౌన్ అయితే ప్రిపొజిషన్ కావాలంటుంది. ‘డిస్కస్ ది ప్లాన్’, కానీ ‘ఎ డిస్కషన్ అబౌట్ ది ప్లాన్’. ‘ఆన్సర్ ది క్వశ్చన్’, కానీ ‘యాన్ ఆన్సర్ టు ది క్వశ్చన్’. ‘ఎంఫసైజ్ ది పాయింట్’, కానీ ‘ఎంఫసిస్ ఆన్ ది పాయింట్’. ‘రిక్వెస్ట్ ఎ రీఫండ్’, ‘ఎ రిక్వెస్ట్ ఫర్ ఎ రీఫండ్’. ‘మ్యారీ హిమ్’, ‘మ్యారేజ్ టు హిమ్’. ‘రిజెంబుల్ హర్ మదర్’, ‘రిజెంబ్లెన్స్ టు హర్ మదర్’. ‘ఆన్సర్’, ‘రిక్వెస్ట్’లకు రెండు క్లాసుల్లోనూ ఒకటే రూపం. ముందు ‘ఎ, యాన్, ది, మై’ లాంటి డిటర్మినర్ ఉందా లేదా చూసుకుంటే చాలు. ‘జాబ్‌కి అప్లై’ లాంటి ఇన్‌ట్రాన్సిటివ్‌లకు ఈ సూత్రం వర్తించదు, వాటికి వెర్బ్‌గానే ప్రిపొజిషన్ ఉంటుంది.

రెండు ఆబ్జెక్టులు పట్టే వెర్బులు ఉన్నాయి. ‘గివ్, సెండ్, షో, టీచ్, టెల్, లెండ్’. ‘గివ్ మి ది బుక్’. నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు వివరించు, నాకు సూచించు అని తెలుగులో అన్నింటికీ ‘నాకు’ ఒకటే కాబట్టి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’, ‘సజెస్ట్ మి ఎ గుడ్ ఫోన్’ అనేస్తాం. ‘ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, మెన్షన్, ఇంట్రొడ్యూస్, సే’లకు ఒక్క ఆబ్జెక్టే, మనిషి ముందు ‘టు’ ఉండాలి. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’. ఒక మోటు గుర్తు ఏమిటంటే, పొట్టిగా ఉండే పాత ఇంగ్లీష్ మాటలు రెండు ఆబ్జెక్టులు తీసుకుంటాయి, లాటిన్ నుంచి దిగిన పొడుగు మాటలు చాలావరకు తీసుకోవు. మినహాయింపులు ఉంటాయి. ‘ప్రామిస్’ లాటిన్ మాటే, రెండూ తీసుకుంటుంది. ‘సే’ పొట్టిదే, తీసుకోదు.

హెల్పింగ్ వెర్బులకు వద్దాం. ‘బి, హావ్, డూ’ అనే మూడు, ‘కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్’ అనే తొమ్మిది మోడల్స్. టెన్సుల పట్టిక పన్నెండు గళ్ళు కంఠతా పట్టించే పద్ధతి నాకు ఎప్పుడూ రుచించదు. నాలుగు నియమాలు చాలు. మోడల్ తరువాత వి1. ‘డూ, డజ్, డిడ్’ తరువాత వి1. ‘హావ్, హాజ్, హ్యాడ్’ తరువాత వి3. ‘బి’ రూపాల తరువాత, పని జరుగుతూ ఉంటే ఇంగ్ రూపం, పాసివ్ అయితే వి3. ఏ వెర్బైనా తన పక్కనున్న తరువాతి మాట రూపాన్ని మాత్రమే శాసిస్తుంది, అవతలిదాన్ని ముట్టుకోదు.

‘ది రోడ్ మే హావ్ బీన్ రిపేర్డ్’ అనే వాక్యాన్ని విప్పి చూడండి. ‘మే’ మోడల్ కాబట్టి పక్కన ‘హాజ్’ కాకుండా ‘హావ్’, సబ్జెక్టు ఏకవచనమైనా సరే. ‘హావ్’ పక్కన వి3 రావాలి, ‘బి’కి వి3 ‘బీన్’. ‘బీన్’ అంటే బి రూపమే, పాసివ్ కాబట్టి పక్కన వి3 ‘రిపేర్డ్’. ఇలా ఒక్కో అడుగూ వేస్తే ‘మే హాజ్ బీన్’, ‘షుడ్ హ్యాడ్ డన్’ లాంటివి రావడానికి సందే ఉండదు.

దీనికి తోడుగా మరో నియమం. కాలం మొదటి వెర్బ్ మీదే పడుతుంది, ఒక్కసారే పడుతుంది. ‘డిడ్ నాట్ వెంట్’ తప్పు కావడానికి కారణం ఇదే. ‘డిడ్’ భూతకాలాన్ని మోస్తోంది, ‘గో’ మీద మళ్ళీ ఎక్కించకూడదు. ‘డజ్ హి నోస్’ కూడా అంతే, ఎస్ ‘డజ్’లో అయిపోయింది. మనకు ఇది ఎందుకు కష్టమంటే తెలుగులో బరువంతా చివరి క్రియది. ‘చేస్తూ ఉన్నాడు’, ‘చేసి ఉండేవాడు’లో కాలం, పురుషం, వచనం అన్నీ ఆఖరి ముక్క మీదే ఉంటాయి, ముందున్నవి అసమాపక క్రియలు. ఇంగ్లీష్‌లో సమాపక క్రియ మొదట, అసమాపకాలు తరువాత. మన వరసకు పూర్తిగా ఎదురు.

మోడల్స్‌కి ఎస్ పట్టదు, ఇంగ్ పట్టదు, ముందూ వెనకా ‘టు’ పట్టదు, రెండు మోడల్స్ పక్కపక్కన నిలబడవు. ‘ఐ కెన్ ఏబుల్ టు డూ’ అనేది ‘చేయగలను’ని రెండుసార్లు చెప్పడం. ‘కెన్ డూ’ అనండి, లేదా ‘యామ్ ఏబుల్ టు డూ’. భవిష్యత్తు కావాలంటే ‘విల్ కెన్’ కుదరదు కాబట్టి అక్కడ ‘విల్ బి ఏబుల్ టు’ తప్పనిసరి.

‘హావ్’, ‘డూ’ రెండు వేషాలు కడతాయి. ‘హి హాజ్ లెఫ్ట్’లో హెల్పింగ్, ‘హి హాజ్ టూ కార్స్’లో మెయిన్. మెయిన్ వెర్బ్ అయినప్పుడు ప్రశ్నకు ‘డూ’ సాయం కావాలి, ‘డజ్ హి హావ్ టూ కార్స్’. ‘బి’ మాత్రం మెయిన్ అయినా ప్రశ్నలో ‘డూ’ని రానివ్వదు. ‘డజ్ హి ఈజ్’ ఎక్కడా లేదు. మొదటి హెల్పింగ్ వెర్బే క్వశ్చన్ ట్యాగ్‌లో తిరిగొస్తుంది. మనకు ‘కదా’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి అన్నింటికీ ‘ఇజింటిట్’ తగిలిస్తాం. ‘హి హాజ్ లెఫ్ట్’కి తోక ‘హాజంట్ హి’.

‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అన్న స్టేటివ్ వెర్బుల తప్పులు అందరికీ తెలిసినవే. తెలుగులో ప్రేమిస్తున్నాను, నమ్ముతున్నాను, కోరుకుంటున్నాను, అర్థమవుతోంది అంటాం. ఇంగ్లీష్‌లో ఇవన్నీ స్థితులు, ‘ఐ లవ్, ఐ బిలీవ్, ఐ విష్, ఐ అండర్‌స్టాండ్’. ‘తున్నా’ కనిపించింది కదా అని ఇంగ్ తగిలించకూడదు. ‘ఓన్, బిలాంగ్, కన్‌టెయిన్, కాస్ట్, నో, వాంట్’ ఈ గుంపులోవే. కొన్ని మాత్రం అర్థాన్ని బట్టి గుంపు మారుస్తాయి. ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’ అభిప్రాయం, ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ జరుగుతున్న ఆలోచన. కారు ఉంటే ‘ఐ హావ్ ఎ కార్’, భోజనం చేస్తుంటే ‘ఐ యామ్ హావింగ్ లంచ్’. ‘ది సూప్ టేస్ట్స్ సాల్టీ’లో సూప్ ఏ పనీ చేయడం లేదు, ‘ది కుక్ ఈజ్ టేస్టింగ్ ది సూప్’లో వంటాయన చేస్తున్నాడు.

ఇంగ్ రూపాలను పుస్తకాలు జెరండ్ అనీ పార్టిసిపుల్ అనీ భయపెడతాయి. తెలుగులోకి మార్చి చూస్తే విడిపోతాయి. ‘డం’ వస్తే నౌన్ పని, ‘తున్న’ వస్తే యాడ్జెక్టివ్ పని, ‘తూ’ వస్తే యాడ్వెర్బ్ పని, ‘తున్నాడు’ వస్తే అసలు వెర్బ్. ఈదడం, ఈదుతున్న పిల్లాడు, ఈదుతూ, ఈదుతున్నాడు. అన్నింటికీ ఇంగ్లీష్‌లో ‘స్విమింగ్’ ఒకటే. ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’లో ‘టు’ తరువాత ఇంగ్ ఎందుకని చాలామంది అడుగుతారు. అక్కడి ‘టు’ ప్రిపొజిషన్ కాబట్టి. దాని తరువాత ఒక నౌన్ పెట్టి చూడండి. ‘లుక్ ఫార్వర్డ్ టు ది ట్రిప్’ నిలబడింది, కాబట్టి వెర్బ్ పెడితే ఇంగ్ రూపమే. ‘వాంట్ టు ది ట్రిప్’ నిలబడదు, కాబట్టి అక్కడ వి1.

చోటును చెప్పే మాటల్లో కూడా మన విభక్తి అడ్డొస్తుంది. ఇక్కడికి, పైకి, ఇంటికి, విదేశాలకు అని తెలుగులో ‘కి, కు’ పెట్టి తీరాలి, ఎందుకంటే ఇక్కడ, పైన అనేవి మనకు విభక్తి పట్టే మాటలు. ఇంగ్లీష్‌లో ‘హియర్, దేర్, అప్‌స్టెయిర్స్, అబ్రాడ్’ యాడ్వెర్బులు, ‘గో హోమ్’లో ‘హోమ్’ కూడా యాడ్వెర్బే. ‘కమ్ టు హియర్’, ‘గో టు అబ్రాడ్’, ‘గో టు హోమ్’లలో ‘టు’ వద్దు. ‘మై హోమ్’ అన్నామంటే ముందు డిటర్మినర్ వచ్చింది, అది నౌన్ అయిపోయింది, అప్పుడు ‘టు’ కావాలి.

ఒకే అర్థం, రెండు క్లాసులు ఉండే జంటలు గుర్తుంచుకోండి. ‘ఆల్దో’ కంజంక్షన్, దాని తరువాత వెర్బుతో సహా వాక్యం రావాలి. ‘డిస్పైట్’ ప్రిపొజిషన్, దాని తరువాత నౌన్ గానీ ఇంగ్ గానీ. ‘బికాజ్’కి ‘బికాజ్ ఆఫ్’, ‘వైల్’కి ‘డ్యూరింగ్’ ఇలాంటి జంటలే. ‘డిస్పైట్ ఆఫ్’ అనేది లేదు, అది ‘ఇన్ స్పైట్ ఆఫ్’తో కలిసిపోయి పుట్టింది.

ఇవన్నీ సాధనలో పెట్టాలంటే కొత్త వెర్బ్ కనిపించినప్పుడు నోట్‌బుక్‌లో పక్కన తెలుగు అర్థం రాసి ఊరుకోవద్దు. ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసిన లెర్నర్స్ డిక్షనరీ తెరిస్తే ట్రాన్సిటివ్‌కు టి, ఇన్‌ట్రాన్సిటివ్‌కు ఐ అనో, పూర్తి పేర్లతోనో గుర్తులుంటాయి. లింకింగ్ వెర్బులకూ విడిగా గుర్తు పెట్టే డిక్షనరీలున్నాయి. మామూలు ఇంగ్లీష్ తెలుగు నిఘంటువుల్లో చాలావాటిలో ఇంత వివరం దొరకదు. ఆ గుర్తు, దాంతోపాటు వెర్బ్ వెనక ఏమొస్తుందో చూపించే రెండు మూడు మాటల నమూనా రాసుకోండి. ‘సజెస్ట్’కి ఆ ఎంట్రీ ఇలా ఉంటుంది: ట్రాన్సిటివ్. సజెస్ట్ ఎ ప్లాన్. సజెస్ట్ ఎ ప్లాన్ టు హర్. సజెస్ట్ గోయింగ్. సజెస్ట్ దట్ హి గో. ‘సజెస్ట్ మి’ లేదు, ‘సజెస్ట్ టు గో’ లేదు.